సైన్యంలోకి ఎందుకు వెళ్తారు? 15 ఏళ్ల ఉద్యోగం అనుకుని 4 ఏళ్ల కాగితం మీద సంతకం పెట్టే ముందు

గ్రంథాలయం_గోడ
మా మండల గ్రంథాలయంలో ఇంటర్ పిల్లల కోసం గోడపత్రిక పెడుతున్నాం. నెలకో కొలువు. వచ్చే నెల సైన్యం వంతు. "దేశసేవ, క్రమశిక్షణ, గౌరవం" అని మూడు ముక్కలు రాసి పక్కన జెండా బొమ్మ అంటించడం నాకిష్టం లేదు. మనవైపు కుర్రాళ్లు అసలు దేనికి వెళ్తున్నారు? వాళ్లు అనుకుని వెళ్లేదీ, అక్కడ దొరికేదీ ఒకటేనా? తెలిసినవాళ్లు అంకెలతో చెప్పండి. సొంత అనుభవాలు వద్దండీ, గోడ మీద చోటు తక్కువ.

పాత_ట్రంకుపెట్టె
దేనికి వెళ్తారో తెలియాలంటే ముందు పాత ఒప్పందం ఏంటో తెలియాలి. ఇప్పటికీ ఊళ్లో పెద్దవాళ్లు "మిలటరీకి పో" అంటున్నది ఆ పాత లెక్క మనసులో పెట్టుకునే.

పదో తరగతి పాసైనవాడు 18, 19 ఏళ్లకు సిపాయిగా చేరేవాడు. కనీసం 15 ఏళ్లు సర్వీసు. అంటే 35 దాటీ దాటకముందే పెన్షన్‌తో ఇంటికి. చివరి జీతంలో సగం పెన్షన్, దానికి కరువు భత్యం. పెన్షన్‌లో సగం వరకు ముందే ఏకమొత్తంగా అమ్ముకోవచ్చు, 15 ఏళ్ల తర్వాత ఆ భాగం మళ్లీ పూర్తిగా వస్తుంది. ఆ ఏకమొత్తంతోనే ఇల్లు లేచేది, చెల్లి పెళ్లి అయ్యేది. పైన మాజీ సైనికుల ఆసుపత్రి పథకం, క్యాంటీన్ కార్డు, బ్యాంకుల్లో, ప్రభుత్వ ఉద్యోగాల్లో మాజీ సైనికుల కోటా. 36 ఏళ్లకు రెండో ఉద్యోగం, చేతిలో మొదటి ఉద్యోగం పెన్షన్. పదో తరగతి చదువుకి ఇంతకన్నా మంచి బేరం ఈ దేశంలో ఇంకోటి లేదు. మిలటరీ సంబంధం అంటే ఆడపిల్ల తండ్రులు కళ్లకద్దుకున్నది ఇందుకే. క్యాంటీన్ మందు కోసం చుట్టాలు పెరిగేవారన్నది వేరే సంగతి.

2022 జూన్ 14న అగ్నిపథ్ (నాలుగేళ్లకే సిపాయిని తీసుకునే పథకం, అందులో చేరినవాడే అగ్నివీర్) ప్రకటించాక కొత్తగా చేరేవాళ్లకు ఆ ఒప్పందం లేదు. మీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయాల్సింది అదే.

లెక్కల_పంతులు
పై వ్యాఖ్యకు అంకెలు చేరుస్తున్నాను. అగ్నివీర్ నెల జీతం ఇలా ఉంటుంది:

మొదటి ఏడు 30,000. అందులో 9,000 సేవానిధికి (చివర్లో ఒకేసారి ఇచ్చే పొదుపు) పోగా చేతికి 21,000.
రెండో ఏడు 33,000. చేతికి 23,100.
మూడో ఏడు 36,500. చేతికి 25,550.
నాలుగో ఏడు 40,000. చేతికి 28,000.

నాలుగేళ్లలో మన జీతం నుంచి కోసింది 5,02,200. ప్రభుత్వం అంతే కలుపుతుంది. 10,04,400. వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షలని ప్రకటనలో చెప్పారు. దానిమీద ఆదాయపు పన్ను లేదు. తమాషా ఏంటంటే, నాలుగేళ్లలో నెలనెలా చేతికొచ్చింది కూడితే 11,71,800. అంటే దాదాపు చేతికి ఎంత వస్తుందో చివర్లో అంతే వస్తుంది. ఎత్తు ప్రాంతాల్లో, సరిహద్దులో పనిచేస్తే ఇచ్చే రిస్కు భత్యం దీనికి అదనం. తిండి, బస, యూనిఫాం వాళ్లవే.

పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు. 48 లక్షల బీమా ఉంది, ప్రీమియం మన జీతంలోంచి కోయరు. డ్యూటీ వల్ల ప్రాణం పోతే దానిపైన 44 లక్షల పరిహారం, సేవానిధి, మిగిలిన కాలపు జీతం. డ్యూటీ వల్ల అంగవైకల్యం వస్తే 50, 75, 100 శాతాలను బట్టి 15, 25, 44 లక్షలు.

బ్యాచ్‌లో 25 శాతం వరకు రెగ్యులర్‌గా తీసుకుంటారు. వాళ్లు ఆపైన కనీసం 15 ఏళ్లు చేస్తారు, పెన్షన్ వాళ్లకే. "వరకు" అన్న మాట కింద గీత గీయండి.

తప్పులెన్నువాడు
గోడ మీదికి ఎక్కే ముందు రెండు సవరణలు. ఒకటి, నాలుగేళ్లకు బయటికొచ్చిన అగ్నివీర్‌కు మాజీ సైనికుడి హోదా ఉండదు. కాబట్టి ట్రంకుపెట్టె గారు చెప్పిన క్యాంటీన్, ఆసుపత్రి పథకం, మాజీ సైనికుల కోటా, ఇవన్నీ ఆ 25 శాతంలో పడ్డవాళ్లకే. రెండు, కేంద్ర సాయుధ బలగాల్లో మాజీ అగ్నివీర్లకు 2022లో 10 శాతం రిజర్వేషన్ ప్రకటించారు, వయసు సడలింపుతో. అది దారి తెరవడమే, ఉద్యోగం ఇచ్చేయడం కాదు. "నాలుగేళ్లయ్యాక ఎలాగూ సీఐఎస్‌ఎఫ్‌లో వేస్తారు" అని కోచింగ్ వాళ్లు చెప్పే మాట అబద్ధం. ఎవరినీ ఎక్కడా "వేయరు".

నల్లమల_అంచున
డబ్బు లెక్క ఒక్కటే కారణమైతే అన్ని ఊళ్లనుంచీ సమానంగా వెళ్లాలి కదా? వెళ్లడం లేదు. పాత ప్రకాశం జిల్లాలో గిద్దలూరు చుట్టుపక్కల చూడండి, శ్రీకాకుళం జిల్లా చూడండి, తాడేపల్లిగూడెం పక్కన మాధవరం చూడండి. ఆ ఊరికి మిలటరీ మాధవరం అనే పేరే స్థిరపడింది. రెండు ప్రపంచ యుద్ధాలకూ అక్కడినుంచి జనం వెళ్లారు, ఊళ్లో స్మారక స్తూపం ఉంది.

ఆ ఊళ్ల మట్టిలో వీరత్వం ఉందని పత్రికలు రాస్తాయి. నా అభిప్రాయంలో సంగతి ఇంకా మామూలుది. ఆ ఊళ్లో నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో చెప్పే బాబాయి ఉంటాడు. ఏ సర్టిఫికెట్ ఎవరి దగ్గర తీసుకోవాలో తెలిసిన మనిషి ఉంటాడు. తెల్లారుజామున నాలుగింటికి పరిగెత్తేవాడు ఒక్కడు కాదు, పదిమంది. అందులో ఒకడు ఎంపికైతే మిగతా తొమ్మండుగురికీ అది సాధ్యమయ్యే పని అని తెలుస్తుంది. పక్క మండలంలో అంతే చురుకైన పిల్లవాడికి ఇవేవీ ఉండవు, వాడు డ్రైవింగ్‌కో సూరత్‌కో పోతాడు. మీ గోడపత్రిక ఆ బాబాయి పని చేస్తే చాలు.

ఓరుగల్లు_పోరి
నల్లమల అన్న చెప్పింది కరెక్టే గానీ ఇంకో కారణం గూడ ఉన్నది. గ్రూపులు, ఎస్సై, కానిస్టేబుల్, డీఎస్సీ, ఏ నోటిఫికేషన్ ఎప్పుడు పడ్తదో తెల్వదు. పడ్డా కోర్టుకు పోతది. ఆర్మీల వయసు 2025 నోటిఫికేషన్ల 17½ నుంచి 21 లోపే. ఆ హద్దు దాటితే తలుపు మూస్కుంటది. గందుకే ఇంటర్ అయినంక "ముందు ఆర్మీకి చూద్దాం, రాకపోతే కోచింగ్‌కు పోదాం" అని లెక్కేస్కుంటరు. దేశభక్తి లేదనట్లే. వరుసల ముందు నిలబడ్డది ఇది, గంతే.

ఆడపిల్లలకు గూడ దారి ఉన్నదని రాయుండ్రి. మిలటరీ పోలీస్‌ల అగ్నివీర్. ఎత్తు 162 సెంటీమీటర్లు. 1.6 కిలోమీటర్లు 7 నిమిషాల 30 సెకన్లల ఉరికితే మొదటి గ్రూపు, 8 నిమిషాలల్ల రెండో గ్రూపు. లాంగ్ జంప్ 10 అడుగులు, హై జంప్ 3 అడుగులు. మన పిల్లలు ఎక్కువ తప్పేది హై జంప్‌ల. ఊళ్లె నేర్పేటోళ్లు ఉండరు, బడిల పరుపు ఉండదు. ఇసుక కుప్ప మీద కత్తెర జంప్ నెల రోజులు చేస్తే 3 అడుగులు పెద్ద ఎత్తు కాదు. ఆఫీసర్లను తయారుచేసే ఎన్డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) గూడ 2022 నుంచి ఆడపిల్లలను తీస్కుంటున్నది.

ఉద్దానం_రన్నర్
పరుగు మాట వచ్చింది కాబట్టి. మగపిల్లలకు 1.6 కిలోమీటర్లు. 5 నిమిషాల 30 సెకన్లలోపు 60 మార్కులు, 5:45 లోపు 48. ఇటీవలి నోటిఫికేషన్లలో దానికన్నా నెమ్మదిగా పరిగెత్తినవాళ్లకూ తక్కువ మార్కులతో గ్రూపులు పెడుతున్నారు, ఆ ఏడాది కాగితం చూసుకోండి. కానీ జనరల్ డ్యూటీకి (మామూలు సిపాయి కొలువు) మెరిట్‌లో ఈ మార్కులు కలుస్తాయి కాబట్టి గురి 5:30 మీదే ఉండాలి.

400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు. 330 సెకన్లను నాలుగుతో భాగిస్తే రౌండుకి 82న్నర. ఇంతే గణితం. కానీ గుంపులో జరిగేది ఏంటంటే, విజిల్ పడగానే మందలో పడి మొదటి రౌండు 70 సెకన్లలో కొట్టేస్తారు. మూడో రౌండుకి కాళ్లు రాయి అయిపోతాయి, 95 పడుతుంది. అక్కడే పోతారు. 79, 82, 83, 80 ఇలా కొడితే 5:24. మొదటి 100 మీటర్లు మాత్రం కాస్త గట్టిగా వెళ్లి ముందు మూడోవంతులో చోటు సంపాదించాలి, లేదంటే మలుపుల్లో బయటి లైనులో పరిగెత్తి అదనపు మీటర్లు మోస్తారు.

అభ్యాసం: వారానికి రెండు రోజులు 400 మీటర్లు ఆరుసార్లు, ఒక్కోటి 78 నుంచి 80 సెకన్లలో, మధ్య 90 సెకన్ల విశ్రాంతి. ఒక రోజు నెమ్మదిగా 5, 6 కిలోమీటర్లు. ఒక రోజు పూర్తి 1.6, గడియారం పెట్టుకుని. మిగతా రోజుల్లో బీమ్ (కడ్డీ పట్టుకుని పైకి లేవడం), గొయ్యి దూకడం. రోజూ 1.6 ప్రాణం పెట్టి పరిగెత్తేవాడు నెలకి సిమెంటు రోడ్డు మీద పిక్కముందు ఎముక నొప్పి తెచ్చుకుని కూర్చుంటాడు. జీడితోట గట్టు మీద మట్టిదారి ఉండగా రోడ్డెందుకురా అంటే వినరు. ఫోన్ యాప్ చూపే 1.6ని నమ్మొద్దు, టేపుతో కొలిచిన దూరం మీద ప్రాక్టీసు చెయ్యాలి.

బీమ్_పది
పరుగైన కాసేపటికే బీమ్. 10 తీస్తే 40 మార్కులు, 9కి 33, 8కి 27, 7కి 21, 6కి 16. ఆరుకన్నా తక్కువైతే ఇంటికి. లెక్క చూడండి, 10కీ 6కీ మధ్య 24 మార్కుల తేడా. పరుగులో మొదటి, రెండో గ్రూపు మధ్య తేడా 12 మాత్రమే. అయినా మనవాళ్లు పొద్దస్తమానం పరిగెత్తుతారు, బీమ్ మాత్రం చివరి పదిరోజుల్లో పట్టుకుంటారు.

లెక్కలోకి రానివి: గడ్డం కడ్డీ దాటకపోవడం, కిందికి దిగినప్పుడు మోచేతులు పూర్తిగా చాపకపోవడం, కాళ్లు ఊపి ఊగి లేవడం. ఊళ్లో సగం సగం 14 తీసినవాడు అక్కడ 6 దగ్గర ఆగుతాడు. సున్నా నుంచి మొదలయ్యేవాడు ముందు కుర్చీ ఎక్కి గడ్డం పైనుంచి నెమ్మదిగా 5 సెకన్లు దిగడం, రోజు విడిచి రోజు, 5 చొప్పున 4 సార్లు. రెండు మూడు వారాలకు మొదటిది లేస్తుంది. ఆ తర్వాత పరుగు కొట్టిన వెంటనే బీమ్ పట్టుకోవడం అలవాటు చెయ్యాలి, తాజా చేతులతో తీసిన 12 అక్కడ పనికిరాదు. 9 అడుగుల గొయ్యి దూకడం, వంకర బీమ్ మీద నడక, ఈ రెండింటికీ మార్కులు లేవు గానీ తప్పితే మొత్తం పోతుంది.

జీడీ_కాదు_క్లర్క్
ఇక్కడందరూ మైదానం గురించే మాట్లాడుతున్నారు. 2023 నుంచి ఆన్‌లైన్ రాతపరీక్ష ముందు, మైదానంలో జరిగే ర్యాలీ తర్వాత. అంతకుముందు తిరగేసి ఉండేది. ఈ ఒక్క మార్పుతో ఏం జరిగిందంటే, బ్రహ్మాండంగా పరిగెత్తేవాడు మైదానం దాకా రాకుండానే ఆగిపోతున్నాడు. జనరల్ డ్యూటీకి 50 ప్రశ్నలు, గంట, 100 మార్కులు. సరైనదానికి 2, తప్పుకి అర మార్కు కోత. 35 వస్తే పాసు. కానీ 35తో ర్యాలీకి పిలుపు రాదు, కటాఫ్ దానికి చాలా పైన ఉంటుంది. ఇప్పుడు తెలుగులోనూ రాయొచ్చు. ఫీజు 250 రూపాయలు.

గోడ మీద అర్హతలు విడివిడిగా రాయండి, ఎక్కువమందికి తెలియదు. జనరల్ డ్యూటీకి పదిలో మొత్తం 45 శాతం, ప్రతి సబ్జెక్టులో 33. క్లర్క్, స్టోర్‌కీపర్‌కి ఇంటర్‌లో మొత్తం 60 శాతం, ఇంగ్లిష్, లెక్కలు లేదా అకౌంట్స్‌తో సహా ప్రతి సబ్జెక్టులో 50. టైపింగ్ పరీక్ష కూడా పెట్టారు. ఎత్తు మన దక్షిణాది రాష్ట్రాలకు జనరల్ డ్యూటీకి 166 సెంటీమీటర్లు, టెక్నికల్‌కి 165, క్లర్క్‌కి 162. టెక్నికల్, క్లర్క్‌లకు మైదానంలో అర్హత చాలు, అక్కడి మార్కులు మెరిట్‌లో కలవవు. ఎత్తు 163 ఉండి ఇంటర్‌లో మంచి మార్కులున్న పిల్లవాడు "ఆర్మీకి ఎత్తు చాలదు" అనుకుని ఇంట్లో కూర్చోవడం ఎన్ని ఊళ్లలో ఉందో!

పాత_ట్రంకుపెట్టె
క్లర్క్ గారి మాటకి కొసరు. "దేనికి వెళ్తున్నావు" అన్న ప్రశ్నకు జవాబు ఏ కేటగిరీకి దరఖాస్తు పెట్టాలో చెప్పేస్తుంది. తుపాకీ, సరిహద్దు, పటాలం కావాలనుకుంటే జనరల్ డ్యూటీ. మనవాళ్లు ఎక్కువగా పడేది మద్రాస్ రెజిమెంట్, దాని కేంద్రం నీలగిరుల్లో వెల్లింగ్టన్. ఫిరంగుల శిక్షణ అయితే గోల్కొండ ఆర్టిలరీ సెంటర్, ఇంజినీరింగ్ వైపు అయితే బెంగళూరులో మద్రాస్ శాపర్స్. నాలుగేళ్ల తర్వాత బయట పనికొచ్చే పని చేతికి రావాలంటే టెక్నికల్, క్లర్క్. వాహనాలు, రేడియో, స్టోర్సు లెక్కలు, ఇవి బయట అమ్ముడుపోతాయి. ఎల్‌ఎంజీ (తేలికపాటి మెషిన్ గన్) విప్పి బిగించడం సెక్యూరిటీ కంపెనీకి కూడా అక్కర్లేదు.

మిర్చి_యార్డు
మీరంతా నాలుగేళ్లకు గుడ్డలు చింపుకుంటున్నారు గానీ, అవనిగడ్డలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో నాలుగేళ్లు కోచింగ్‌కు కట్టి, గది అద్దె కట్టి, 25 ఏళ్లకు చేతిలో ఏం ఉంటుంది? ఇక్కడ 22 ఏళ్లకు 11 లక్షలు ఉంటాయి. చేతకానివాళ్లు వెళ్లే చోటు అన్నట్టు రాయకండి.

లెక్కల_పంతులు
అలా ఎవరన్నారు? 22 ఏళ్లకు 11 లక్షలు నిజమే. రెండు షరతులు. ఇంటికి పంపే 21,000 మొదటి ఏడే కొత్త బండి వాయిదాలకు పోకూడదు. చివర వచ్చే మొత్తం ఇంటి స్లాబుకి, అప్పుకి ముందే రాసిపెట్టి ఉండకూడదు. ఈ రెండూ జరిగితే 22 ఏళ్లకు పదో తరగతి మెమో మాత్రమే మిగులుతుంది. అందుకే సర్వీసులో ఉండగానే చదువు ముగించుకోవాలి. పదితో చేరినవాళ్లకు ఎన్‌ఐఓఎస్ (కేంద్ర ఓపెన్ స్కూల్) ద్వారా ఇంటర్ స్థాయి సర్టిఫికెట్, ఇగ్నో డిగ్రీలో సగం క్రెడిట్లు సైన్యంలో నేర్చుకున్న శిక్షణకే. ఈ డిగ్రీ సంగతి గోడ మీద తప్పకుండా రాయాలి, డబ్బు గురించి అందరికీ తెలుసు, దీని గురించి ఎవరికీ తెలియదు.

ఇంకో మాట. నాలుగేళ్లూ పెళ్లి చేసుకోకూడదు. చేసుకుంటే రెగ్యులర్ ఎంపికకు పనికిరారు. మేనరికం ఖాయం చేసి ముహూర్తం పెట్టే ఇళ్లకు ముందే చెప్పండి.

మిర్చి_యార్డు
ఒప్పుకున్నాను. ఆ 25 శాతాన్ని పెంచేస్తున్నారని వాట్సాప్‌లో తిరుగుతోంది కదా?

తప్పులెన్నువాడు
నోటిఫికేషన్‌లో అచ్చయ్యేదాకా 25 అనే రాయాలి. మొదటి బ్యాచ్ 2023 జనవరిలో శిక్షణకు వెళ్లింది, వాళ్ల నాలుగేళ్లు 2026 చివరికి నిండుతాయి. వాట్సాప్ గోడ మీద ఏదైనా రాయొచ్చు, గ్రంథాలయం గోడ మీద రాయకూడదు.

స్టెతస్కోపు
రాత, మైదానం రెండూ గెలిచి వైద్యపరీక్షలో పోయేవాళ్ల గురించి ఎవరూ చెప్పలేదు. వీటిలో చాలా వాటిని ఆరు నెలల ముందే ఇంట్లో చూసుకోవచ్చు.

చదును పాదం: తడికాలు సిమెంటు గచ్చు మీద మోపండి. మధ్యలో వంపు గుర్తు లేకుండా మొత్తం అచ్చు పడితే మునివేళ్ల మీద లేచి నిలబడండి. అప్పుడు వంపు కనిపించి, మునివేళ్ల మీద గెంతగలిగితే సాధారణంగా ఇబ్బంది లేదు. కనిపించకపోతే ఎముకల వైద్యుణ్ని అడగాలి, పరుగు మీద ఏడాది పోసే ముందే.

మోకాళ్లు రాసుకోవడం: మోకాళ్లు తాకించి నిలబడితే చీలమండల మధ్య ఎడం 5 సెంటీమీటర్లు దాటకూడదు. చేతులు చాపినప్పుడు మోచేయి దగ్గర బయటివైపు వంపు మగవాళ్లలో 15 డిగ్రీలు దాటితే తిరస్కరణ. ఈ రెండూ ఎముకల పొందికకు సంబంధించినవి, వ్యాయామంతో మారుస్తామని డబ్బు తీసుకునేవాళ్లు మోసగాళ్లు.

చెవిలో గులిమి: దీనికోసం వెనక్కి పంపడం సిగ్గుచేటు, కానీ పంపుతారు. గులిమి ఉంటే కర్ణభేరి కనిపించదు, కనిపించకపోతే డాక్టరు సంతకం పెట్టడు. ర్యాలీకి రెండు మూడు వారాల ముందు ఈఎన్‌టీ దగ్గర తీయించుకోవాలి. ముందురోజు పిన్నీసుతో గెలికి చెవి వాచి వచ్చేవాళ్లున్నారు.

కంటి చూపు రెండు కళ్లకూ 6/6. మొలలు, వరిబీజం, కాళ్ల మీద ఉబ్బిన నరాలు, అరచేతుల్లో విపరీతమైన చెమట, పుచ్చిపోయిన పళ్లు. వీటిలో ఆపరేషన్‌తో సరయ్యేవి ముందే చేయించుకుని గాయం మానడానికి నెలలు వదలాలి. పచ్చబొట్టు ముంజేయి లోపలివైపు, అరచేయి వెనక మాత్రమే ఒప్పుకుంటారు, అదీ పేరో దేవుడి గుర్తో అయితే. మెడ మీద సినిమా డైలాగు రాయించుకున్నవాడు ఇక పోలీసు సెలక్షన్ చూసుకోవాల్సిందే, అక్కడా అనుమానమే.

తిరస్కరించినా అక్కడితో అయిపోదు. తాత్కాలికమైతే మిలటరీ ఆసుపత్రిలో మళ్లీ చూపించుకునే కాగితం ఇస్తారు, దానిమీద గడువు ఉంటుంది. ఏడుస్తూ బస్సెక్కి ఆ కాగితం బ్యాగులో మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

పరుగు ముందు ఇంజెక్షన్లు, నొప్పి మాత్రలు, ఎవరో ఇచ్చిన "పవర్" బిళ్లలు వద్దు. ఎండలో, నీళ్లు తాగని ఒంటితో అవి కిడ్నీని కొడతాయి. దొరికితే అనర్హత.

నల్లమల_అంచున
కాగితాల గురించి కూడా రాయండి సారూ. మనవాళ్లకు ప్రత్యేకమైన బెడద ఇంటిపేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం. లేదా తండ్రి పేరులో "య్య"కి ఒకచోట ఒక స్పెల్లింగు, ఇంకోచోట ఇంకోటి. మెమో మార్చాలంటే నెలలు, ఆధార్ మార్చడం తేలిక. కాబట్టి ఆధార్‌ని మెమోకి సరిపెట్టుకోవాలి, మెమోని ఆధార్‌కి కాదు. దరఖాస్తుకి ముందే.

కులం, నేటివిటీ తహసీల్దారు దగ్గర. సర్పంచి, బడి హెడ్‌మాస్టరు ఇచ్చే నడవడిక సర్టిఫికెట్లు ఆరు నెలలు దాటనివి. అవివాహిత సర్టిఫికెట్ ఫొటోతో. నోటరీ చేయించిన అఫిడవిట్. ఒకేరకం పాస్‌పోర్టు ఫొటోలు 20, టోపీ లేకుండా. ఏ జిల్లావాడు ఆ జిల్లా రిక్రూటింగ్ ఆఫీసు ర్యాలీకే వెళ్లాలి. మనకు గుంటూరు, విశాఖపట్నం, తెలంగాణకు సికింద్రాబాద్. పక్క జిల్లాలో పోటీ తక్కువని దొంగ నేటివిటీ తెస్తే ఉద్యోగంలో చేరాక కూడా తీసేస్తారు.

ఒరిజినల్స్ కోచింగ్ అకాడమీకి ఇవ్వొద్దు. కొన్ని చోట్ల ఫీజు బాకీకి జామీనుగా ఉంచుకుంటున్నారు. జిరాక్సులు చాలు. ఎంపికకు డబ్బు అడిగిన ప్రతివాడూ దళారే. వాళ్ల వ్యాపారం ఎలాగంటే పదిమంది దగ్గర తీసుకుంటారు, వాళ్లలో సొంతంగా ఎంపికైన ఇద్దరి డబ్బు మింగుతారు, మిగతా ఎనిమిదిమందికి తిరిగిచ్చి నిజాయితీపరుడనిపించుకుంటారు.

ఉద్దానం_రన్నర్
ఆ చివరి లైను గోడమీద ఎర్ర సిరాతో రాయాలి బావా.

ఎస్సెస్‌బీ_గది
ఇంటర్ పిల్లలకోసం అన్నారు కదా, ఇంతసేపూ సిపాయి దారే నడిచింది. ఎంపీసీ చదివేవాడికి ఎన్డీఏ ఉందని ఎవరూ చెప్పకపోవడం మన ఊళ్ల అసలు జబ్బు. 16½ నుంచి 19½ ఏళ్లు. ఏడాదికి రెండుసార్లు. లెక్కలు 300 మార్కులు, జనరల్ ఎబిలిటీ 600. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే, తెలుగులో లేదు. అదే మనవాళ్లను ఆపుతోంది. తర్వాత ఎస్సెస్‌బీ (అధికారులను ఎంపిక చేసే బోర్డు) ఇంటర్వ్యూ 900 మార్కులు, ఐదు రోజులు. అంటే రాతకీ ఇంటర్వ్యూకీ సమాన బరువు. లెఫ్టినెంట్ మూలవేతనం 56,100, దానిపైన 15,500 మిలటరీ సర్వీస్ పే. అగ్నివీర్ నాలుగేళ్ల ఒప్పందం అధికారులకు వర్తించదు. డిగ్రీ తర్వాత షార్ట్ సర్వీస్ కమిషన్ అయితే 10 ఏళ్లు, ఇంకో 4 పొడిగింపు, చెన్నై అకాడమీలో శిక్షణ. 14 దగ్గర బయటికొస్తే పెన్షన్ రాదు, ఇదీ తెలిసే వెళ్లాలి. 2020 గల్వాన్‌లో వీరమరణం పొంది మహావీర్ చక్ర అందుకున్న సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు కోరుకొండ సైనిక్ స్కూల్, ఎన్డీఏ దారిలోనే వెళ్లారు.

మీ అసలు ప్రశ్న ఎస్సెస్‌బీలో నేరుగా అడుగుతారు: ఎందుకు చేరాలనుకుంటున్నావు? "దేశసేవ" అంటే అడిగే అధికారికి కోపం రాదు, విసుగొస్తుంది. తర్వాతి ప్రశ్న సిద్ధంగా ఉంటుంది: నర్సు, లైన్‌మన్ చేసేది దేశసేవ కాదా? అక్కడ తడబడతారు. ముందే నింపిన వివరాల ఫారంలో ఆటలు, ఎన్‌సీసీ, ఇంటి ఆదాయం, మార్కులు, మునుపటి ప్రయత్నాలు అన్నీ ఆయన ముందుంటాయి. ఏ టీములోనూ ఆడనివాడు "నాకు టీం వర్క్ ఇష్టం" అంటే ఫారం వాణ్ని పట్టిస్తుంది. ముందురోజు రాయించిన పరీక్షలు కూడా పట్టిస్తాయి. 60 మాటలు, మాటకు 15 సెకన్లు. 60 పరిస్థితులు, అరగంట. అంత వేగంలో బట్టీ పట్టిన గుణం నిలబడదు. "ఇంటికి నిలకడైన జీతం కావాలి, బయట తిరిగే పని ఇష్టం, పదిమందిని నడిపించడం కాలేజీ ఆటల కమిటీలో చేశాను" అని ఉన్నది చెప్పినవాడు నిలబడతాడు. జీతం కోసం అన్నందుకు ఎవర్నీ బయటికి పంపరు.

ఓరుగల్లు_పోరి
గిది మస్తు చెప్పిన్రు. జీతం అంటే సిగ్గుపడుడు మానేస్తే సగం పిల్లలు మంచిగ మాట్లాడ్తరు.

తప్పులెన్నువాడు
ఎస్సెస్‌బీ గారూ, ఒక చేర్పు. ఎన్డీఏలో ఆర్మీ తలుపుకి ఇంటర్ ఏ గ్రూపైనా సరే, వైమానిక దళం, నౌకాదళానికి మాత్రం ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు ఉండాలి. సీఈసీ పిల్లలు మీ మాట చదివి "ఎంపీసీ వాళ్లకే" అనుకుంటారు. కానీ రాతపరీక్షలో లెక్కల పేపరు అందరికీ ఉంది.

గ్రంథాలయం_గోడ
నాలుగు చార్టులు అయ్యేట్టున్నాయి. మొదటి చార్టు మీద రెండే వరుసలు పెడుతున్నాను, ఎడమ పాత సిపాయి ఒప్పందం, కుడి అగ్నివీర్ ఒప్పందం. దాని కింద "నువ్వు అడుగుతున్నది ఏ వరుస?" అని. ఒక సందేహం, ఛాతీ కొలత 77 అన్నారు ఒకాయన, 82 అన్నారు ఇంకొకాయన. ఏది రాయాలి?

జీడీ_కాదు_క్లర్క్
రెండూ నిజమే. గాలి వదిలినప్పుడు 77, పీల్చినప్పుడు కనీసం 5 పెరగాలి, అంటే 82. 80 ఉన్నవాడికి పీల్చితే 85 రావాలి, 83 వస్తే తప్పినట్టే. బక్కవాడికన్నా జిమ్ చేసి బిగుసుకున్నవాడే ఇక్కడ ఎక్కువ తప్పుతాడు. టేపు చంకల కింద పట్టుకుని భుజాలు లేపకుండా ఊపిరి పీల్చడం రోజూ అలవాటు చేయించండి. చార్టు పక్కన గోడకి ఒక టైలరు టేపు కూడా వేలాడదీయండి.